టోక్యోలో ఒక్క సంతకం కోసం పదకొండు రోజులు

మొన్న శుక్రవారం అబార్షన్ చేయించుకున్నాను. నీరసం తగ్గలేదు, అయినా ఇప్పుడే రాయాలనిపించింది.

మాకు ఇద్దరు పిల్లలు. మూడో కాన్పు వద్దని ఇద్దరం కలిసే అనుకున్నాం. మామయ్యగారి ఆపరేషన్ కోసం మా ఆయన నెల క్రితం విజయవాడ వెళ్లారు. స్కాన్ ఒక్క పూటలో అయిపోయింది, ఏడో వారం అన్నారు.

కౌంటర్లో అబార్షన్‌కు ఒప్పుకుంటున్నామనే కాగితం ఇచ్చారు. అందులో నా సంతకం, 'గోషుజిన్' సంతకం. అంటే భర్తగారు, ఆ మాటకు అసలు అర్థం యజమాని. "ఇప్పుడే వీడియో కాల్ చేస్తాను, మీరే అడగండి" అన్నాను. కుదరదన్నారు. ఆయన సంతకం చేసి, ఆ కాగితాన్ని స్కాన్ చేసి పంపినా పనికిరాదట. నాకు 36 ఏళ్లు, ఇంటి అద్దె కట్టేది నేనే. హాల్లో అందరూ వింటుండగా, మా ఆయన ఎందుకు రాలేదో రెండుసార్లు చెప్పించారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

కాగితం కొరియర్‌లో వెళ్లి రావడానికి పదకొండు రోజులు. పన్నెండు వారాలు దాటితే పద్ధతే మారిపోతుంది, మృతశిశువుగా నమోదు కూడా చేయించాలి. ఆ టెన్షన్‌తో నిద్ర లేదు.

ఆ రాత్రుల్లోనే, భర్త సంతకం అడిగే ఈ చట్టం గురించి చదివాను. యుద్ధంలో ఓడిన జపాన్‌లో తిండి లేదు, వలస దేశాల నుంచి జనం లక్షల్లో తిరిగొచ్చారు. 1948లో అబార్షన్‌కు దారి తెరిచారు, మరుసటి ఏడే పేదరికాన్ని కూడా కారణంగా చేర్చారు. ఆడవాళ్ల హక్కని కాదు, జనాభా తగ్గాలని. 'నాసిరకం సంతానం' పుట్టకూడదని అదే చట్టం కింద సుమారు 25,000 మందికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు, చాలామందికి బలవంతంగానే. ఆ భాగాన్ని 1996లో తీసేశారు. 2024లో సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమంది. భర్త సంతకం మాత్రం అలాగే ఉంది. గర్భనిరోధక మాత్రకు అనుమతి 1999 దాకా రాలేదు. మన దేశంలో 1971 నాటి అబార్షన్ చట్టంలో మేజరైన స్త్రీ ఒప్పుకుంటే చాలు. ఆ మాట చెబితే మా ఆఫీసులో జపాన్ అమ్మాయి నమ్మలేదు.

మీకూ ఇక్కడ ఇలాంటి అవసరం వస్తే, ఇన్సూరెన్స్ వర్తించదు, డబ్బు ముందే చూసుకోండి. సంతకం సంగతి మొదటి ఫోన్‌లోనే అడగండి. పెళ్లికాని అమ్మాయిలకు చట్టప్రకారం ఈ సంతకం అక్కర్లేదు. అయినా కొన్నిచోట్ల అడుగుతారు. అలా అడిగితే అక్కడ ఆగకండి, వేరే క్లినిక్‌కి వెళ్లండి.