అరిజోనా పత్తి చేల పక్కన సుడిగాలులు

ఫీనిక్స్ నుంచి టూసాన్ వెళ్లే ఐ-10 రహదారి మీద కాసా గ్రాండే దాటాక, జూన్ మధ్యాహ్నాల్లో దుమ్ము సుడిగాలులు తరచుగా కనిపిస్తాయి. వీటికి మబ్బుతో పనిలేదు. టోర్నడో మేఘం నుంచి కిందికి దిగితే, ఇవి మాత్రం కాలిపోతున్న నేల మీది వేడిగాలి వేగంగా పైకి లేస్తూ, మెలితిరిగి, దుమ్మును వెంట లాక్కుపోవడం వల్ల పుడతాయి. అందుకే నీరు పెట్టిన పచ్చని పత్తి చేలో కంటే పక్కనున్న బీడులోనే ఎక్కువగా లేస్తాయి.

ఎడారిలో పత్తి ఏమిటని గుంటూరు నుంచి వచ్చిన మా బంధువులు ఆశ్చర్యపోతుంటారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో గుడ్‌ఇయర్ కంపెనీ టైర్లలో వాడే దారం కోసం అరిజోనాలో పొడుగు పింజ పత్తిని పెద్ద ఎత్తున వేయించింది. కాసా గ్రాండే ఉన్న పినాల్ కౌంటీ (జిల్లా లాంటిది) చేలకు నేటికీ కాలువ నీరు, బోర్లే ఆధారం. కాలువ గట్టు మీదుగా వంచిన సన్నని గొట్టాలు ఒక్కో సాలులోకి ఒక్కో ధారను వదలడం దగ్గరగా చూడవలసిన దృశ్యం. కొలరాడో నదిలో నీటి కొరత వల్ల 2022లో ఇక్కడి రైతుల వాటాకు భారీగా కోత పడి, కొన్ని పొలాలు బీడుపడ్డాయి.

సుడిగాలులను చూడదలచినవారు ఇదే రహదారి పక్కనున్న పికాచో శిఖరం పరిసరాల్లో, మధ్యాహ్నం వేళ, కారు అద్దాలు ఎత్తుకుని చూడటం మేలు.