నీరసించిన గుండెలో శక్తి లెక్క

గుండె వైఫల్యం ఉన్నవారి ఎకో నివేదికలో అందరి చూపూ ముందుగా పడేది ఇజెక్షన్ ఫ్రాక్షన్ మీద. అది 30 శాతమని ఉంటే ఇంటిల్లిపాదీ కుంగిపోతారు, 40 దాటితే కాస్త కుదుటపడతారు. ఆ అంకె అవసరమైనదే. కానీ గుండె ప్రతిసారీ తనలోని రక్తంలో ఎంత శాతాన్ని బయటకు నెడుతున్నదో చెబుతుందే తప్ప, ఆ పనికి కండరం దగ్గర ఎంత శక్తి మిగిలి ఉన్నదో అది చెప్పదు. ఈ రెండో ప్రశ్నకు జవాబు వెతికే జీవక్రియా చిత్రణ గురించి నేను చాలాకాలంగా ఆసక్తితో చదువుతున్నాను.

గుండె తన కణాల్లోని ఏటీపీని, అంటే కణాలు పనికి నేరుగా వాడుకునే శక్తి అణువును, కొద్ది సెకన్లలోనే ఖర్చుచేసి, మళ్లీ తయారుచేసుకుంటుంది. అందుకు వాడే ఇంధనంలో ఎక్కువ భాగం కొవ్వు ఆమ్లాలు. మిగిలినది గ్లూకోజు, లాక్టేటు, కొవ్వు నుంచి కాలేయం తయారుచేసే కీటోన్లు. ఏటీపీ చేతి ఖర్చుకు ఉంచుకున్న డబ్బయితే, ఫాస్ఫోక్రియాటిన్ అడిగిన వెంటనే అందే నిల్వ. గుండె బలహీనపడుతున్నప్పుడు ముందుగా తరిగేది ఈ నిల్వే కనుక, ఏటీపీతో పోలిస్తే అది ఎంత ఉన్నదో, అంటే ఈ రెండింటి నిష్పత్తిని, కొలిస్తే కండరం ఎంత ఇబ్బందిలో ఉన్నదో తెలుస్తుంది.

ఈ ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి వెలుగులోకి తెచ్చినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆనాడు కండరాన్ని బయటకు తీసి రసాయనాలతో కొలవవలసి వచ్చిన పదార్థాన్ని, ఇవాళ మనిషి గుండె కొట్టుకుంటుండగానే, ఎంఆర్ఐ యంత్రంలోనే ఫాస్ఫరస్ అణువుల సంకేతాన్ని పట్టే ఫాస్ఫరస్-31 ఎంఆర్ స్పెక్ట్రోస్కోపీతో కొలుస్తున్నారు. మామూలు ఎంఆర్ఐ ఒంట్లో సమృద్ధిగా ఉన్న నీటిలోని హైడ్రోజన్ మీద ఆధారపడుతుంది. గుండెలోని ఫాస్ఫరస్ సంకేతం దానితో పోలిస్తే అతి బలహీనం కాబట్టి, ఈ పరీక్షకు సంకేతాన్ని అందుకునే ప్రత్యేకమైన కాయిల్, ఎక్కువ సమయం, ఎంతో ఓర్పు కావాలి. ఆరోగ్యవంతుల్లో ఆ నిష్పత్తి సుమారు 2 ఉంటుంది. 1997లో స్టెఫాన్ న్యూబవర్ బృందం డైలేటెడ్ కార్డియోమయోపతి (గుండె సాగి, కండరం బలహీనపడే జబ్బు) ఉన్న 39 మందిని పరిశీలించినప్పుడు, నిష్పత్తి 1.60 కంటే తక్కువ ఉన్నవారిలో 40 శాతం మంది, మిగిలినవారిలో 11 శాతం మంది చనిపోయారు. అధ్యయనం చిన్నదే అయినా ఆ తేడా నన్ను ఆలోచనలో పడేసింది.

శక్తి కొరవడిన గుండెను బలవంతంగా పరుగెత్తించడం మేలు చేయదని వైద్యులు అనుభవంతోనే నేర్చుకున్నారు. గుండె సంకోచాన్ని పెంచే మిల్రినోన్ మాత్రలు తీవ్రమైన వైఫల్యం ఉన్నవారిలో మరణాలను 28 శాతం పెంచాయని 1991లో తేలింది; గుండె శ్రమను తగ్గించే బీటా బ్లాకర్లు ప్రాణాలు నిలిపాయి.

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది 2023లో వెలువడిన ఎంపా-విజన్ అనే పరిశోధన ఫలితం. మధుమేహానికి వచ్చిన మందు ఎంపాగ్లిఫ్లోజిన్ గుండె వైఫల్యంలో మేలు చేస్తుందని అంతకుముందే రుజువైంది. అది గుండెకు కీటోన్ల రూపంలో మెరుగైన ఇంధనం అందిస్తుందన్న వివరణ ఎంతో ఆకర్షణీయంగా ఉండేది. అయితే 12 వారాలు మందు వాడిన తర్వాత కూడా ఫాస్ఫోక్రియాటిన్ నిష్పత్తి పెరగలేదు. మందు పనితీరుపై మనకు నచ్చిన కథను నేరుగా గుండెలోనే పరీక్షించి చూడగల సాధనం చేతిలో ఉండటం చిన్న విషయం కాదు.

ఈ పరీక్ష ఇంకా పరిశోధనశాలలకే పరిమితం కనుక, రోగులు దీనికోసం వెతకనక్కరలేదు. నా అభిప్రాయంలో ఇది ముందుగా అందవలసినది, ఇజెక్షన్ ఫ్రాక్షన్ మామూలుగానే ఉన్నా నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసపడేవారికి. వారిలోనూ ఈ నిష్పత్తి తగ్గి ఉంటుందని అధ్యయనాలు చూపాయి. ఎకో అంతా బాగుందని చెబుతున్నంతకాలం వారి బాధకు నివేదికలో చోటు దొరకడం కష్టం.