నలభై పడితే నమ్మరు, ఇరవై నాలుగు పడితే నమ్ముతారు

నిన్న రాత్రి ఆట బల్ల దగ్గర్నుంచి వచ్చాక కూడా కోపం చల్లారలేదు. ఆ వేడి మీదే రాస్తున్నాను.

నేను నాటింగ్‌హామ్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. ఇక్కడ వార్‌హ్యామర్ ఫాంటసీ రోల్‌ప్లే ఆడే ఒక గ్రూపులో చేరాను. 1986లో ఆ ఆటను మొదటిసారి తెచ్చిన గేమ్స్ వర్క్‌షాప్ ప్రధాన కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది, కాబట్టి ఆడేవాళ్లకు కొదవ లేదు. మా గ్రూపు ఆడేది 2018లో క్యూబికిల్ 7 వేసిన నాలుగో ఎడిషన్.

కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. బల్ల చుట్టూ కూర్చుంటాం. ఒకరు కథ నడుపుతారు, ఆయన గేమ్ మాస్టర్, అందరూ జీఎం అంటారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర. ఆ పాత్ర ఎవరు, బలం ఎంత, ఏ పని చేసి బతుకుతుంది అన్నది మనమే ఎంచుకోవచ్చు, లేదా పాచికలకు వదిలేయొచ్చు. ఈ ఎడిషన్‌లో నాకు బాగా నచ్చిన సంగతి ఏమిటంటే, పాచికలకు వదిలేసిన వాళ్లకు బహుమతి ఉంటుంది. జాతిని, అంటే పాత్ర మనిషా కాదా అన్నది, పాచికతో తేల్చుకుంటే 20 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు, వాటితో పాత్రకు కొత్త శక్తులు కొనుక్కుంటాం). వృత్తి మొదటిసారి ఏది పడితే దానికే ఒప్పుకుంటే 50. పది లక్షణాల అంకెల్ని పడ్డవి పడ్డట్టు, అదే వరసలో ఉంచుకుంటే ఇంకో 50. మొత్తం 120. ఆట మొదలవకముందే చేతిలో ఉండే పెట్టుబడి అది. ఒక కొత్త టాలెంట్, అంటే పాత్రకు ఒక ప్రత్యేక సామర్థ్యం, కొనాలంటే 100 కావాలి. ఈ 100 సంగతి గుర్తుంచుకోండి.

జీఎం ముందే మెసేజ్ పెట్టాడు: షీట్ (పాత్ర వివరాలన్నీ రాసుకునే కాగితం) నింపుకుని రా, అంతా రాండమ్‌గా చేస్తే మరీ మంచిది అని. ఎవరి ముందైనా వేయాలని అందులో ఒక్క ముక్క లేదు. కాబట్టి గదిలో కూర్చుని వేశాను.

జాతికి వంద వరకు అంకెలుండే పట్టిక. 90 దాకా మనిషే. మనిషే పడింది. (వందకి వేసేటప్పుడు రెండు పదిముఖాల పాచికల్లో ఏది పదుల స్థానమో వేయకముందే అనుకోండి. 00, 10, 20 అని అచ్చేసిన పాచిక దొరుకుతుంది. అది కొనుక్కుంటే ఆ గొడవే లేదు.)

వృత్తికి వేస్తే ఎలుకలు పట్టే పని వచ్చింది. మొత్తం 64 వృత్తులున్నాయి. వాటిలో లాయరు ఉన్నాడు, ప్రభువు ఉన్నాడు, మంత్రగాడు ఉన్నాడు. నాకు మురికి కాలవల్లో ఎలుకలు పట్టే మనిషి వచ్చింది, దాంతో పాటు ఒక సంచి, ఒక వడిసెల, 'చిన్నదే కానీ మహా కోపిష్టి' అయిన కుక్క. నాకు చెప్పలేనంత సంతోషం. నేనుగా ఎంచుకుంటే ఆ వృత్తి వైపు చూసేదాన్నే కాదు. పాచిక వేయకపోతే ఈ మనిషి నాకు దొరికేదే కాదు.

తర్వాత లక్షణాలు. మనుషులకు ఒక్కో లక్షణానికి రెండు పదిముఖాల పాచికలు వేసి, వచ్చిన మొత్తానికి 20 కలపాలి. అంటే తక్కువలో తక్కువ 22, ఎక్కువలో ఎక్కువ 40, సగటున 31. నాకు వరసగా పడ్డవి ఇవి: 29, 33, 24, 30, 35, 28, 31, 27, 40, 28. మూడోది బలం, 24. తొమ్మిదోది సంకల్పబలం, 40. గాలి వీస్తే పడిపోయేంత బలహీనురాలు, రాజు ఎదురొచ్చినా తల వంచని మొండిది. నాకు ఆమె మొహం కూడా కళ్ల ముందు కనబడింది.

షీట్ తీసుకుని వెళ్లాను. జీఎం పైనుంచి చదువుకుంటూ వచ్చాడు. ఎలుకలు పట్టే పని చూసి నవ్వాడు, భలే అన్నాడు. బలం 24 దగ్గర "పాపం" అన్నాడు. సంకల్పబలం దగ్గర ఆగిపోయాడు.

"నలభై?"

"అవును."

"ఎవరి ముందు వేశావు?"

ఎవరూ లేరన్నాను. షీట్ బల్ల మధ్యలో పెట్టి అందరికీ చూపించాడు. పక్కనున్న ఆయన స్నేహితుడు, ఏళ్ల తరబడి ఇదే ఆడుతున్నానని మాటమాటకీ చెప్పే మనిషి, "మొదటిసారి ఆడేవాళ్లకు ఎప్పుడూ నలభైలే పడతాయి" అన్నాడు. కొందరు నవ్వారు. కొత్త ఊరు, కొత్త మనుషులు. వాళ్ల మధ్య నన్ను దొంగను చేసి కూర్చోబెట్టారు. చెవులు మండిపోయాయి.

నేను ఊరుకునే రకం కాదు. స్టాటిస్టిక్స్ చదువుకున్న దాన్ని. అక్కడే కాగితం అడిగి లెక్క వేశాను. రెండు పాచికలూ పది చూపిస్తేనే 40, అంటే వందలో ఒక్కసారి. కానీ వేసేది పది లక్షణాలకు. పదింటిలో ఒక్కసారి కూడా 40 పడకుండా ఉండే అవకాశం 0.99ని పదిసార్లు గుణిస్తే వస్తుంది, దాదాపు 0.904. అంటే నిజాయితీగా నింపిన వంద షీట్లలో తొమ్మిదింటికో పదింటికో ఎక్కడో ఒక 40 ఉండాలి. ఏళ్ల తరబడి ఆడుతున్నవాడు ఈపాటికి అలాంటివి ఎన్ని చూసి ఉండాలి? ఇంకా వినండి అని పదీ కూడాను. 305 వచ్చింది. సగటు 310. నా షీట్ సగటు కన్నా తక్కువ! దొంగతనం చేసేదాన్నైతే బలం 24 అని ఎందుకు రాసుకుంటాను?

దానికి సమాధానం రాలేదు. "రూల్ అంటే రూల్, మళ్లీ వెయ్యి" అన్నాడు జీఎం. ఏ రూల్? అప్పుడే పుట్టిన రూల్.

మా ఇంట్లో అష్టాచెమ్మా ఆడేటప్పుడు గవ్వ మంచం కిందికి పోతే చెల్లుతుందా చెల్లదా అని ఆట మొదలవకముందే తేల్చుకునేవాళ్లం. గవ్వలు పడ్డాక అడిగితే మా నాయనమ్మ ఎవరి మాటా వినేది కాదు. పడ్డది పడ్డట్టే. చిన్నపిల్లలకు తెలిసిన ఈ మర్యాద ఇంత పెద్దవాళ్లకు తెలియకపోవడం నాకు మింగుడు పడటం లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. నా 24ని ఎవరూ అనుమానించలేదు. ఎలుకల వృత్తిని ఎవరూ అనుమానించలేదు. అవీ ఎవరూ చూడనప్పుడు, అదే గదిలో, అవే పాచికలతో పడ్డవే. తక్కువ పడితే 'విధి', ఎక్కువ పడితే 'మోసం' అనేవాళ్లకు పాచిక మీద నమ్మకం లేనట్టే. 1974లో ఇలాంటిదే ఇంకో ఆట, డంజన్స్ అండ్ డ్రాగన్స్, వచ్చినప్పుడు పాత్ర లక్షణాలకు మూడు ఆరుముఖాల పాచికలు వేసి, ఏది పడితే అది వరసగా రాసుకోవడమే పద్ధతి, సగటు 10.5. తర్వాత 1979లో నాలుగు వేసి అతి చిన్నదాన్ని తీసేయొచ్చన్నారు, సగటు 12 దాటింది. ఇప్పుడు చాలా బల్లల దగ్గర పాచికే లేదు, 27 పాయింట్లు ఇచ్చి పంచుకోమంటారు. పంచుకోవడం తప్పని నేననను. అలాంటి బల్లకు అదే పద్ధతి అని చెప్పి పిలవండి. రాండమ్ అని పిలిచి, నచ్చిన అంకెల్నే రాండమ్ అని ఒప్పుకోవడం మాత్రం అన్యాయం.

మళ్లీ వేశాను. అందరూ చూస్తుండగా, ఒక్కో పాచికా గిన్నెలో వేసి, చెయ్యి తీసి. 35, 31, 33, 34, 28, 37, 30, 32, 29, 29. నలభై లేదు, కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు. కూడితే 318! ముందు దానికన్నా 13 ఎక్కువ. ఆ సంగతీ పైకే చెప్పాను. జీఎం తన కాగితాలు సర్దుకున్నాడు. ఆయన కన్ను పడేది ఒక్క అంకె మీదే, మొత్తం మీద కాదు.

కథ అక్కడితో అయిపోలేదు. "ఇది రెండోసారి వేసింది కదా, 50 ఎక్స్‌పీ రాదు" అన్నాడు. నిజానికి పుస్తకం ప్రకారం పడ్డవి నచ్చక ఆటగాడు మళ్లీ వేసుకుంటే ఆ 50 పోతుంది. నేను వేసుకున్నానా? ఆయన వేయించాడు. 50 పోతే నా దగ్గర 70 మిగులుతుంది, టాలెంట్ రాదు. ఇందాక గుర్తుంచుకోమన్నది దీని గురించే. అప్పటిదాకా మాట్లాడకుండా కూర్చున్న ఒక పెద్దావిడ పుస్తకం తెరిచి, ఆ పేజీ ఆయన ముందు పెట్టి, "ఆ అమ్మాయి అడగలేదు, నువ్వు అడిగావు" అంది. 50 వచ్చింది. ఆ బల్ల దగ్గర నేను మళ్లీ కూర్చుంటున్నది ఆవిడ వల్లే.

మిగతా పనులు చకచకా అయిపోయాయి. విధి పాయింట్లు, నైపుణ్యాలు, మూడు రాండమ్ టాలెంట్లు. మనుషుల పాత్రలకు పదేళ్ల వయసులో మృత్యుదేవత మోర్ పూజారి ఒకరు చావు జోస్యం చెబుతాడు, అది జీఎంతో కలిసి రాసుకోవాలి. జోస్యం చెప్పినట్టే చనిపోతే, చచ్చిన పాత్ర ఆటలో సంపాదించిన ఎక్స్‌పీలో సగం మన తర్వాతి పాత్రకు వస్తుంది. నేను రాసింది 'నీళ్లు లేని చోట మునుగుతావు'. ఆ ఒక్క విషయంలో జీఎం బాగా పనిచేశాడు, వెంటనే ఒప్పుకుని దాని మీద ఏదో నోట్ రాసుకున్నాడు.

మీరెవరైనా కొత్త గ్రూపులో చేరుతుంటే ఇంట్లో ఒంటరిగా పాచిక వేయకండి. ఎంత మంచివాళ్లైనా సరే. వేయమని పిలిస్తే "మీ ముందు వేస్తాను" అని రాతలో జవాబు పెట్టండి. రూల్ పుస్తకంలో క్యారెక్టర్ అధ్యాయం ముందే చదువుకుని వెళ్లండి, ముఖ్యంగా ఎక్స్‌పీ ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో ఉన్న భాగం. 'ఏళ్ల తరబడి ఆడుతున్నాను' అనే మనిషి పక్కన కూర్చోకండి. కుక్కకు పేరు పెట్టండి, నేను చిట్టి అని పెట్టాను, బల్ల మీద అందరికీ నోరు తిరిగింది.

నేను పొద్దున్నే జీఎంకి మెసేజ్ పెట్టాను: ఇకమీదట ఎవరు చేరినా అందరి ముందే వేయాలని గ్రూపులో రాసిపెట్టండి, పడ్డది ఎంతైనా మార్చకూడదని కూడా రాయండి అని. మొదటి ముక్క రాశాడు. రెండోది ఇంకా రాయలేదు. వచ్చే వారం అడుగుతాను.