ఫ్లోటులో పెట్రోలు చప్పుడు

శనివారం, రాత్రి పది గంటలు. సబ్బుతో నాలుగుసార్లు కడిగినా చేతుల నుంచి పెట్రోలు వాసన ఇంకా పోలేదు.

మా నాయన కొన్న 1986 నాటి ప్రీమియర్ పద్మిని కారు వారం రోజులుగా ఒక వింత పద్ధతికి అలవాటు పడింది. ఉదయం చోక్ (చల్లటి ఇంజన్‌కు పెట్రోలు పాలు పెంచే మీట) లాగకుండానే స్టార్టవుతుంది. ఇంజన్ వేడెక్కాక ఆపితే మాత్రం పావుగంట దాకా మళ్లీ అందుకోదు, అందుకున్నప్పుడు వెనుక నుంచి నల్లటి పొగ వస్తుంది. చోక్ అవసరం లేకపోవడం చూసి మా తమ్ముడు బండి కుదురుకుందని సంతోషించాడు గానీ, చల్లటి ఇంజన్ చోక్ లేకుండా అందుకుంటోందంటే పెట్రోలు ఉండవలసిన దానికంటే ఎక్కువగా పడుతోందని అర్థం. ఈ ఉదయం ఎయిర్ క్లీనర్ విప్పి, ఇంజన్ ఆపిన వెంటనే, పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించే సోలెక్స్ కార్బురేటర్ గొంతులోకి టార్చి వేసి చూస్తే, ఆగవలసిన పెట్రోలు చుక్కచుక్కగా లోపలికి జారుతూనే ఉంది.

కార్బురేటర్‌ను ఊడదీసి, తిన్నె మీద పాత పేపరు పరిచి మూత తెరిచాను. ఇందులోని ఏర్పాటు మన ఇంటి మేడమీది నీళ్ల ట్యాంకులో ఉండే ఫ్లోట్ వాల్వు లాంటిదే: గిన్నెలో పెట్రోలు పెరిగేకొద్దీ ఇత్తడి ఫ్లోటు తేలుతూ పైకి లేచి, నీడిల్ వాల్వును మూసివేస్తుంది. మొదట నీడిల్ అరిగిందనుకున్నాను. తీరా ఫ్లోటును, కొబ్బరికాయలో నీళ్లున్నాయో లేదో చూసినట్లుగా, చెవి దగ్గర పెట్టుకొని ఊపితే లోపల పెట్రోలు కదిలింది. వేడినీళ్ల గిన్నెలో ముంచగానే అతుకు దగ్గర నుంచి సన్నని బుడగలు వరుసగా పైకి వచ్చాయి. ఫ్లోటు పొట్టలోకే పెట్రోలు చేరి బరువెక్కితే అది తేలేదెట్లా, వాల్వు మూసుకునేదెట్లా?

ఉదయం పది గంటలకు తిరుపతిలో నాకు తెలిసిన మూడు స్పేర్‌పార్టుల దుకాణాలూ తిరిగాను. వారాంతం కావడంతో కొండకు వచ్చిన బండ్ల మధ్య స్కూటరు నడపడమే ఒక పని. మొదటి రెండు చోట్ల పద్మిని పేరు వినగానే నవ్వారు. మూడో దుకాణంలోని పెద్దాయన మాత్రం నిచ్చెన వేసుకొని అటక ఎక్కి, దుమ్ము దులుపుకుంటూ ఒక పాత గ్యాస్కెట్ కిట్టుతో దిగాడు. "ఫ్లోటు దొరకదు స్వామీ. బొంబాయి టాక్సీలు తిరిగినన్నాళ్లూ సరుకు వచ్చేది, ఇప్పుడు ఎవరు తెప్పిస్తారు?" అన్నాడు. నిజమే, ముంబయిలో ఆ నలుపు పసుపు పద్మినీల కథ 2023 అక్టోబరుతో ముగిసింది. కిట్టులో గ్యాస్కెట్లు, నీడిల్ వాల్వు, వాషర్లు బాగున్నాయి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కాస్త అదనంగా పెట్రోలు చిమ్మే పంపులోని పలుచటి పొర, అంటే యాక్సిలరేటర్ పంపు డయాఫ్రం మాత్రం అప్పడంలా ఎండిపోయి, వేలితో వంచగానే చిట్లింది.

డబ్బు ఇచ్చి వెనక్కి తిరిగాక, గోవిందరాజస్వామి గుడి దగ్గరి సందులో ఇత్తడి పాత్రలకు మాటు వేసే ముసలాయన గుర్తుకు వచ్చాడు. ఆయన ఫ్లోటును అటూ ఇటూ తిప్పి చూసి, "చెంబు కన్నా సులువే గదా నాయనా, దీనికింత ఆలోచనెందుకు?" అన్నాడు. లోపల పెట్రోలు మిగిలి ఉండగా నిప్పు తగిలితే ప్రమాదం కాబట్టి, పొయ్యికి దూరంగా దించిన వేడినీళ్లలోనే ఫ్లోటును పదేపదే ముంచి, ఊపినా చప్పుడు రాకుండా పోయేంతవరకు ఆగమన్నాను. మాటు ఎంత పలుచగా ఉంటే అంత మంచిదని కూడా చెప్పాను, ఎందుకంటే ఫ్లోటు బరువు పెరిగితే అది లోతుగా మునిగి, గిన్నెలో పెట్రోలు మట్టం మళ్లీ పెరుగుతుంది. పని కాగానే ఆకురాయితో అంచులు రాసి, పక్కనున్న నగల దుకాణంలో తూచుకొచ్చాడు. మాటుకు ముందు తూచిన దానికంటే అర గ్రాముకు లోపే పెరిగింది. ఆయన అడిగిన కూలి నలభై రూపాయలు. నేను వంద ఇస్తే మిగతాది లెక్కపెట్టి నా జేబులో వేశాడు.

మధ్యాహ్నం బిగించేటప్పుడు, పెరిగిన ఆ కాస్త బరువుకు సరిపోయేలా నీడిల్ వాల్వు సీటు కింద కొంచెం మందమైన వాషరు వేశాను. వాల్వు ఆ మేరకు కిందికి దిగి, ముందుగానే మూసుకుంటుంది. ఇంజన్‌కు పెట్రోలును కొలతగా వదిలే మెయిన్ జెట్‌ను వెలుతురుకు పెట్టి చూస్తే రంధ్రం గోడ మీద గీతలు కనిపించాయి. ఎప్పుడో ఎవరో మెకానిక్ తీగతో పొడిచినట్లున్నాడు. మిల్లీమీటరులో వందో వంతు లెక్కన కొలిచి తొలిచిన ఇత్తడి రంధ్రాన్ని ఇనుప తీగతో శుభ్రం చేయడం నాకు ఎన్నటికీ మింగుడుపడని పని. ఆ జెట్టుకు బదులు దొరకదు కనుక గాలి ఊది, అలాగే బిగించేశాను.

నాలుగున్నరకు బండి చోక్ అడిగింది! ఆ మాటకే నాకు సంతోషం వేసింది. వేడెక్కాక ఆపి, మళ్లీ తాళం తిప్పితే మొదటిసారికే అందుకుంది. గొంతులో చుక్క కూడా జారలేదు. అయితే పాత డయాఫ్రమే ఉండటం వల్ల యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే ఇంజన్ క్షణం పాటు తడబడుతోంది. చెన్నైలో ఉన్న మా చిన్నాన్న కొడుకుకు ఫోన్ చేసి, పాత బండ్ల స్పేర్‌పార్టులు దొరికే పుదుపేటలో కొత్త డయాఫ్రం వెతికి, దొరికితే బస్సులో పంపమన్నాను. అంతవరకు ఘాట్ రోడ్డు ఎక్కించేది లేదు. అమ్మ రేపు తిరుచానూరు తీసుకెళ్లమంటోంది. అక్కడికి దారంతా చదునే కాబట్టి సరేనన్నాను.