సగం నవ్వు

మా ఇంట్లో వెక్కిరింతలన్నీ నావే. ఫోన్లో అల్లుడి గొంతు, కోడలు కళ్లద్దాలు సర్దుకునే తీరు, ఏదైనా సరే, మనవలు అడగడమే ఆలస్యం, చేసి చూపిస్తాను. పక్కన మా ఆయన వ్యాఖ్యానం ఉండనే ఉంటుంది. అందుకే ఆ పొద్దున నా మూతి ఎడమ పక్కకి లాగేసి ఉండటం చూసి, "ఇవాళ ఎవరి వంతు?" అని నవ్వారు. జవాబు చెప్పబోతే మాట ముద్దగా వచ్చింది. పుక్కిలిస్తున్న నీళ్లు కుడి పక్క నుంచి కారిపోయాయి. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

పక్షవాతమే అనుకుని ఆసుపత్రికి పరుగెత్తాం. డాక్టరు చేతులు, కాళ్ల బలం చూసి కనుబొమలు పైకెత్తమన్నారు. కుడివైపు నుదుటి మీద ఒక్క ముడతా పడలేదు. నాకు భయం పెరిగింది, డాక్టరుకేమో అదే ఊరటట! నుదుటికి మెదడు రెండు పక్కల నుంచీ ఆజ్ఞలు అందుతాయి కాబట్టి స్ట్రోక్‌లో సాధారణంగా నుదురు కదులుతుందని చెప్పారు. నాకొచ్చింది బెల్స్ పాల్సీ. ముఖాన్ని కదిలించే ఏడో కపాల నాడి వాచిపోయి పనిచేయకపోవడం. (ఈ తేడా డాక్టరే తేల్చాలి. మూతి వంకర పోతే అద్దం ముందు సొంత పరీక్షలు పెట్టుకోకుండా వెంటనే వెళ్లండి.) స్టెరాయిడ్ మాత్రలు 72 గంటల్లోపు మొదలుపెడితే మంచిదని ఆ రోజే ఇచ్చారు.

మాత్రలు వేసుకోవడం ఎంతసేపు, అసలు పనంతా కంటితోనే. రెప్ప పడదు కాబట్టి కన్ను ఎండిపోతుంది. పగలంతా చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ రాసి రెప్ప మూసి టేపు. మా ఆయన అంటిస్తుంటే మనవరాలు నడుం మీద చేతులు పెట్టుకుని, "తాతయ్యా, వంకరగా పెట్టావు, మళ్లీ చెయ్యి" అని అజమాయిషీ చేసేది.

పిల్లలంతా వచ్చారు గానీ ఇల్లు మా ఇల్లులా లేదు. "అమ్మమ్మని చూసి నవ్వకూడదు" అని ముందే చెప్పి తెచ్చినట్టున్నారు. అందరూ నా మొహం తప్ప అన్నీ చూసేవాళ్లు. ఎవరైనా జోక్ వేయబోయి మధ్యలో మింగేసేవారు. జబ్బు కంటే ఆ మర్యాదే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది.

దాన్ని పగలగొట్టింది చిన్న మనవడు. నన్ను కాసేపు తేరిపార చూసి, "అమ్మమ్మా, ఇది ఎలా చేస్తున్నావు? నాకూ నేర్పవా?" అన్నాడు. కూతురు వాడి నోరు మూయబోయింది. నాకు నవ్వొచ్చేసింది, సగమే వచ్చిందనుకోండి. వాడు వేలితో మూతి పక్కకి లాక్కుని నా ముందు నిలబడ్డాడు. "సగం నవ్వుకే ఇంత గోల, పూర్తిగా వస్తే పక్కింటివాళ్లు ఖాళీ చేస్తారు" అన్నారు మా ఆయన. అప్పుడు విరగబడి నవ్వారు అందరూ.

ఫిజియోథెరపిస్టు బలవంతంగా లాగొద్దని, అద్దం ముందు మెల్లగా చేయమని చెప్పింది. నేను కూర్చుంటే మనవలూ కూర్చునేవారు. కొన్ని వారాలకి పెదవి చివర చిన్నగా అదిరింది. దాన్ని ముందు కనిపెట్టింది కూడా ఆ చిన్న మనవడే. మూడో నెలకి ముఖం దాదాపు మామూలైంది.

ఒక్క శేషం మాత్రం మిగిలింది. గట్టిగా నవ్వితే కుడి కన్ను దానంతటదే మూసుకుంటుంది. నాడి కోలుకునేటప్పుడు తీగలు అటూ ఇటూ కలుస్తాయట. మా ఆయన ఆ వివరణ ఒప్పుకోరు. "పెళ్లిచూపుల్లో తలెత్తలేదు, ఇప్పుడు మనవల ముందే కన్ను కొడుతోంది" అని వచ్చినవాళ్లందరికీ ఫిర్యాదు చేస్తారు.