నడుమునొప్పి, నో బిడ్ బేళ్లు

మాది ప్రకాశం జిల్లాలో టంగుటూరు దగ్గరి పల్లె. మా నాన్న కాలం నుంచి పొగాకే మా సేద్యం. ఐదేళ్ల కిందట మార్చి నెలలో, వేలానికి పంపవలసిన బేలును, అంటే పొగాకు ఆకుల పెద్ద కట్టను, ట్రాక్టరులోకి ఎక్కిస్తుండగా నా నడుము పట్టేసింది. వారం రోజులు పడుకుంటే తగ్గిపోతుందనుకున్న నొప్పి మూడేళ్లు నన్ను వదలలేదు.

మొదటి ఆరు నెలల్లో మాత్రలు, సూదులు, నడుముకు బెల్టు, పసరు పట్టీలు అన్నీ అయ్యాయి. స్కానింగులో వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు ఒకటి ఉబ్బినట్లు వచ్చింది. ఆ కాగితం చూసిన డాక్టరు, ఇకమీదట బరువులెత్తితే కాళ్లు పడిపోతాయన్నారు. ఆ మాట విన్నది మొదలు నేను నా నడుమును పగుళ్లిచ్చిన కుండలాగా చూసుకోసాగాను. చెప్పు దూరంగా జారితే కాలితోనే దగ్గరకు లాక్కునేవాణ్ణి తప్ప వంగేవాణ్ణి కాదు. వాకిట్లో నేను కాస్త ముందుకు ఒరిగినా చాలు, మా అమ్మ అరుగు మీద నుంచే "అబ్బయ్యా, వంగబాక" అని కేకవేసేది. నీళ్ల బిందె, గడ్డిమోపు, చివరకు నా కంచం కూడా నా భార్యే ఎత్తేది. ప్రేమతో చేసిన పనులే అవి. కానీ కదలికలేక కండరాలు బలం కోల్పోయాయి, ఏ కొంచెం వంగినా నొప్పి పుట్టింది, ఆ నొప్పి నా భయాన్ని నిజం చేసి చూపించింది. ఏడాది తిరిగేసరికి మరొక డాక్టరు "మీకేమీ లేదు, అంతా మీ మనసులోనే ఉంది" అని పంపించివేశారు. రాత్రంతా పక్క మీద పొర్లాడుతున్న మనిషిని అబద్ధాలకోరును చేసే మాట అది. దానివల్ల కలిగిన బాధను ఇప్పటికీ మరచిపోలేదు.

మా బావమరిది బలవంతం మీద రైలెక్కి నెల్లూరు వెళ్లి, నొప్పికే ప్రత్యేకంగా వైద్యం చేసే ఒక డాక్టరమ్మను కలిశాను. కాళ్లలో తిమ్మిరి, మూత్రం పట్టు తప్పడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం వంటివి ఉన్నాయేమోనని ఆమె ముందుగా అడిగి, కాళ్ల బలం పరీక్షించి, అవేవీ లేవని తేల్చుకున్న తరువాతే మిగతా మాట మొదలుపెట్టారు. నొప్పి ఏమాత్రం లేని 50 ఏళ్లవారికి స్కానింగు చేసినా వారిలో సుమారు 60 శాతం మందికి డిస్కు ఉబ్బు కనబడుతుందని, మూడు నెలలు దాటిన నొప్పిలో చాలాసార్లు దెబ్బ మానినా నాడులు హెచ్చరించడం ఆపవని చెప్పారు. వెన్నుపాములో నొప్పి సంకేతాలకు తలుపు వంటి ఏర్పాటు ఉంటుందని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారట. ఆ తలుపును పైనుంచి మెదడు కూడా తెరవగలదు, మూయగలదు. భయం, దిగులు, నిద్రలేమి దాన్ని తెరిచిపెడతాయి. "మీ నొప్పి నిజమైనదే. దాన్ని పెంచుతున్నవాటిలో మీ భయం కూడా ఒకటి" అని ఆమె అన్నప్పుడు, ఏడాదిన్నర తరువాత నా మాట నమ్మిన మనిషి దొరికిందని నాకు కళ్లనీళ్లు తిరిగాయి. నొప్పి అంటే శరీరానికీ మనసుకూ కలిగే అనుభవమని, ఎవరైనా తనకు నొప్పిగా ఉందంటే ఆ మాటను గౌరవించాలని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో సవరించిన నిర్వచనంలోనే ఉన్నదని తరువాత తెలిసింది.

నా చేత ఒక నోటుబుక్కు కొనిపించి, రోజూ రాత్రి నొప్పికి సున్నా నుంచి పది వరకు ఒక అంకె వేసి, పక్కన ఆనాటి సంగతులు రాయమన్నారు. రెండు నెలల తరువాత ఆ పేజీలు తిరగేస్తే ఎనిమిదులు, తొమ్మిదులు బరువు మోసిన రోజుల్లో లేవు. వేలం కేంద్రం నుంచి మా బేళ్లు నో బిడ్ అయి, అంటే కొనేవారెవరూ పాట పాడక, తిరిగొచ్చిన రోజుల్లో, బాకీ వడ్డీ కోసం మనిషి ఇంటికొచ్చి కూర్చున్న రోజుల్లో ఉన్నాయి. ఒకచోట మాత్రం "రాత్రి గేదె ఈనింది, దూడ అడ్డం తిరిగింది, రెండు" అని ఉంది. ఆ రాత్రి కొట్టంలో తడిగడ్డి మీద మోకాళ్లూని, పశువుల డాక్టరు చెప్పినట్లు దూడ కాళ్లు పట్టుకుని గంటకు పైగా వంగే ఉన్నాను. నొప్పి గుర్తుకే రాలేదు. తెల్లవారి దూడ పాలు తాగుతుంటే చూస్తూ మంచం మీద కూర్చున్న తరువాతే నడుము సంగతి తలపుకొచ్చింది. ఆ పేజీ చూపిస్తే డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడలేదు, తరువాత దాని మూల మడిచి తిరిగి ఇచ్చారు.

వైద్యం నిదానంగా సాగింది. రాత్రిళ్లు తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ ఇచ్చారు. అది దిగులు మందుగా పుట్టినా నాడుల నొప్పికి కూడా వాడతారని ముందే చెప్పడం వల్ల నేను అనుమానపడలేదు. బెల్టు తీసేయించారు. మొదటి వారం చెరువుకట్ట దాకా పది నిమిషాల నడక. నొప్పి తక్కువగా ఉందని ఎక్కువ నడవకూడదు, ఎక్కువగా ఉందని మానకూడదు. ఈ నియమమే నాకు అన్నిటికంటే కష్టమైంది, ఎందుకంటే కాస్త బాగున్న రోజున మిగిలిపోయిన పనంతా మీదేసుకుని మర్నాడు మంచమెక్కడం నా అలవాటు. మానసిక వైద్య నిపుణుడొకరు ఆరుసార్లు నాతో కూర్చుని, నొప్పి మొదలవగానే "ఇక నా కాళ్లు పడిపోతాయి" అని వచ్చే తలపును పట్టుకుని దానికి రుజువేమిటని అడగడం నేర్పారు. అప్పు మొత్తం ఎంతో ఆయన ముందే మొదటిసారి నా భార్యకు చెప్పాను. ఆమె ఏడ్చి, ఆ తరువాత లెక్క రాసుకుంది. మా అమ్మను కూడా ఒకసారి వెంట తీసుకువెళ్లాను. ఆమె కేకలు మానలేదు గాని మాట మార్చింది. ఇప్పుడు "మెల్లగా వంగరా" అంటుంది.

నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను. మామూలు రోజుల్లో రెండో మూడో ఉంటుంది. ఈ ఏడాది వేలం మొదలైన వారంలోనే మా బేళ్లు రెండు నో బిడ్ అయ్యాయి. ఆటోలో ఇంటికి వస్తుండగానే నడుము బిగదీసింది. ఇల్లు చేరి చెప్పులు విప్పకుండానే చెరువుకట్ట దాకా నడిచి వచ్చి, కాళ్లు కడుక్కుని, నోటుబుక్కులో ఐదు వేశాను. పక్కన బేళ్ల నంబర్లు రాసి, మర్నాడు వాటిని విప్పి ఆకును మళ్లీ గ్రేడు చేయడానికి కూలీకి ఎవరిని పిలవాలో నా భార్యను అడిగాను.