తాంబరం వైపు ఇల్లు చూస్తున్నారా, మధ్యాహ్నం పూట వెళ్ళి చూడండి

ఇంటి నుంచే ఉద్యోగం అనగానే అందరూ అద్దె ఎంత, నెట్ ఎంత అనే అడుగుతారు, నన్నడిగితే ముందు అడగాల్సింది ఇల్లు ఏ అంతస్తులో ఉంది అని. చెన్నైలో మన జీతానికి అందే ఇళ్ళన్నీ దక్షిణ శివార్లలో క్రోంపేట, తాంబరం, గూడువాంచేరి ఇటువైపే, వాటిలో చవగ్గా దొరికేవి చాలావరకు పై పోర్షన్లు. రెండు వేలు తక్కువకి వస్తాయి నిజమే, కానీ స్లాబ్ పొద్దుటి నుంచి ఎండ తాగి రాత్రి పడుకునేదాకా వేడి వదుల్తూనే ఉంటుంది, ఆఫీసుకి పోయేవాళ్ళకి అది రాత్రి బాధ మాత్రమే, మనం పగలంతా దాని కిందే కూర్చుని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మాట్లాడాలి.

సముద్రం ఉంది కదా నీకేంటి చల్లగా ఉంటుంది అంటారు మా నెల్లూరు వాళ్ళు. ఎండాకాలం మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే ఒడ్డునే ఉన్న బీసెంట్ నగర్ వాళ్ళకి ప్రాణం లేచొస్తుంది, కానీ పడమటి గాలి గట్టిగా ఉన్న రోజు ఆ సముద్రపు గాలి లోపలికి ఆలస్యంగా వస్తుంది, మా దాకా వచ్చేసరికి ఎండ తన పని తను చేసేసి ఉంటుంది. వాతావరణ శాఖ వాళ్ళు నుంగంబాక్కం, మీనంబాక్కం రెండు చోట్ల టెంపరేచర్ చెప్తారు చూడండి, ఎండాకాలంలో చాలా రోజులు సముద్రానికి కాస్త దూరంగా ఉన్న మీనంబాక్కంలోనే ఎక్కువ, తాంబరం దానికంటే ఇంకొంచెం లోపలే. పైగా ఉక్క, కూలర్ కొనాలనుకునేవాళ్ళు ఆ డబ్బులు దాచుకోండి, గాలిలో ఇంత తేమ ఉంటే కూలర్ చల్లబరచదు, గదిలో ఇంకా జిగట చేస్తుంది. కత్తిరి రోజుల్లో (మన కర్తరే, మే నెల) ఏసీ లేకుండా పై పోర్షన్లో పని అవ్వదు.

ఏసీ అన్నాక కరెంటు లెక్క. ఇక్కడ బిల్లు రెండు నెలలకోసారి, ఇళ్ళకి మొదటి 100 యూనిట్లు ఫ్రీ, 500 దాటితే పై స్లాబుల రేట్లు గట్టిగా తగుల్తాయి. అందుకే ఇల్లు చూసేటప్పుడు మీ పోర్షన్‌కి విడిగా ఈబీ (కరెంటు బోర్డు) మీటర్ ఉందా లేదా గట్టిగా అడగండి, సబ్ మీటర్ పెట్టి యూనిట్‌కి ఇంత అని ఓనరే వసూలు చేసే ఇళ్ళు బోలెడు, అక్కడ ఆ ఫ్రీ యూనిట్లు మీ దాకా రావు, అద్దెలో మిగిలిందంతా కరెంటుకే పోతుంది. ఇది చిన్న విషయం కాదు, నెలకి ముప్పై వేల లోపు జీతంతో ఇంటికి కూడా పంపేవాళ్ళకి ఇదే పెద్ద విషయం.

మెయింటెనెన్స్ కోసం ఏరియాల వారీగా పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా కరెంటు తీస్తారు, ముందు రోజే పేపర్లో వస్తుంది. రౌటర్‌కి చిన్న యూపీఎస్ ఒకటి తప్పనిసరి. కాల్స్ లేని రోజైతే నేను కోట్టూర్‌పురం అన్నా సెంటినరీ లైబ్రరీకి పోతాను, 2010లో కట్టింది, సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునే విభాగం ఉంది, నాలాంటి వాళ్ళకి అంత చల్లటి, అంత గౌరవంగా కూర్చోనిచ్చే చోటు ఈ ఊళ్ళో ఇంకోటి దొరకలేదు. లోకల్ ట్రైన్‌లో తాంబరం నుంచి చివరి బీచ్ స్టేషన్ దాకా పోయినా టికెట్ పది రూపాయలే, కాబట్టి ఖర్చు భయం లేదు.

తిండి గురించి పెద్దగా చెప్పను, వండుకుంటే బతికిపోతాం, తాగడానికి క్యాన్ నీళ్ళే, బోరు నీళ్ళు చాలా వీధుల్లో ఉప్పగా ఉంటాయి.

వాన సంగతి మాత్రం ఆగి చెప్పాలి. ఇక్కడ పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్, తెలుగు నేలలో చాలా చోట్ల నైరుతి వానలే అలవాటు కాబట్టి అక్కడి నుంచి వచ్చేవాళ్ళు జూలైలో ఇల్లు చూసి పొడిగా ఉంది అనుకుంటారు. అడయార్ నది పక్కన ముడిచ్చూర్, వరదరాజపురం 2015లోనూ మునిగాయి, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫానప్పుడు మళ్ళీ నీళ్ళొచ్చాయి, కరెంటు పోయి సిగ్నల్ కూడా లేక ఊళ్ళో ఎంతమంది పని ఆగిపోయిందో. మా ఓనర్ ఆంటీ వాళ్ళది తరాల నుంచి ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం, "తింటివామ్మా" అని రోజూ అడుగుతుంది, ఇల్లు చూపించేటప్పుడే 2015లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో మెట్ల మీద చెయ్యి పెట్టి చూపించింది, అది చూశాకే అడ్వాన్స్ ఇచ్చాను. మీరు ఓనర్ని అడగండి, ఎదురింటి వాళ్ళని కూడా అడగండి.

అడ్వాన్స్ అంటే, ఆరు నెలలు పది నెలలు అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. తమిళనాడు 2017 అద్దె చట్టం ప్రకారం అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకోకపోతే మూడు నెలల అద్దెకి మించి తీసుకోకూడదు, సంతకం పెట్టే ముందు ఆ లైన్ చదవండి, తమిళం రాకపోతే ఇంగ్లీషులో రాయించమనండి. మా తమ్ముడి ఫ్రెండ్స్ ఇద్దరు సేలయ్యూర్ వైపు చూస్తున్నారు, కింద పోర్షన్ వద్దు పై పోర్షన్ వద్దు మధ్యదే కావాలి అని చెప్పి పంపించాను, మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి పడమటి గోడ మీద చెయ్యి పెట్టి చూడమన్నాను.